ముందోలు మంట, వాపు: ఇంటివద్ద చేయదగిన యుపచారము, వైద్యుని జూడవలసిన సమయము

దక్షిణ ఢిల్లీలోని మునిర్కా యొకప్పుడు సేద్యగాండ్ర గ్రామము. గత శతాబ్దమున దాని పొలములు చుట్టుపట్ల లేచిన రామకృష్ణపురము, వసంత విహారము, 1969లో స్థాపితమైన జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయము మొదలగు వానికి బోగా, లాల్ డోరా యను గీటు లోపలి యిండ్ల గుంపు మాత్రము పాతవారికి మిగిలినది. ఆ గీటు లోపల గృహనిర్మాణపు కట్టుబాట్లు చిరకాలము సడలియుండుటచే ఇరుకు స్థలములలో నాలుగైదంతస్తుల మేడలు లేచి, గదులు అద్దెకిచ్చుటయే పెక్కు కుటుంబములకు జీవనమైనది. విశ్వవిద్యాలయమున జదువువారు, పరీక్షలకు సిద్ధపడువారు, దుకాణములలో పనిచేయువారు ఇచ్చట నుందురు. ఆంధ్ర తెలంగాణ జిల్లాల నుండి వచ్చిన యువకులును వీరిలో గలరు. ఒక గదిలో ఇద్దరు ముగ్గురు; రెండు మూడు గదులకు ఒక స్నానపు గది; గాలి చొరని సందులు; మే, జూను మాసములలో 45 డిగ్రీల వరకు బోవు వేడి. కుళాయి నీరు వేళ చూచి వచ్చును. మేడమీది తొట్టి నిండనినాడు స్నానము లేదు. (ఆ ప్రాంతము నీటికై పడిన శ్రమ పాతదే. రామకృష్ణపురము ఐదవ సెక్టారులో మునిర్కా బావిలీ యను లోడీల కాలపు మెట్లబావి నేటికిని గలదు.)

ఇట్టి నివాసములలో పురుషులకు కలుగు చిన్న బాధలలో ఒకదానిని గూర్చి యెవరును నోరు విప్పరు. అది ముందోలు ఎఱ్ఱబడి, దురదపెట్టి, మండి, ఒక్కొక్కప్పుడు వాచుట. యువకుడు మొదట సబ్బుతో రుద్దును. తగ్గకున్న నీటిలో క్రిమిసంహారక ద్రవము కలిపి కడుగును. అప్పటికిని తగ్గకున్న మందుల దుకాణమునకు బోయి, ఎక్కడ బాధయో చెప్పక, చర్మమునకు రాయు పూత యొకటి యిమ్మనును. ఆ పిమ్మట గోడమీద ‘గుప్త్ రోగ్’ అని పెద్ద యక్షరములతో వ్రాసిన చిరునామా జ్ఞప్తికి వచ్చును. ఈ నాలుగును బాధను పెంచునవే. ఐదవదిగా చదువుకొన్న వైద్యుని యొద్దకు బోవునప్పటికి మాసము గడచియుండును.

మునిర్కా పేరు ఇచ్చట చెప్పబడినను, విజయవాడలోను, వరంగల్లులోను, వసతిగృహములు గల ఏ పట్టణములోను ఈ స్థితి వేఱు కాదు. తాలూకాలు 1985లో మండలములైనను, ప్రజల యారోగ్యము విచారించు కచేరీల బాధ్యత మారలేదు గనుక, పురపాలక సంఘముల వారును రెవెన్యూ యుద్యోగులును ఈ విషయమున నెఱిగియుండవలసినది కొంత గలదు. ఈ బాధలో అధికభాగము మంచినీటితోను, తడి లేకుండ నుంచుటతోను, కొన్ని దినముల యోర్పుతోను తగ్గును. తగ్గనివి కొన్ని గలవు. వానిలో ఒకటి రెండింటికి దినములు గాక గంటలే లెక్క. ఏది యెట్టిదో తెలిసికొనుటయే ముఖ్యము.

పసిబాలుర విషయము

శిశ్నము కొనయందలి మెత్తని భాగమునకు మణి యని పేరు. దానిని గప్పియుండి ముందు వెనుకలకు జరుగు రెండు పొరల చర్మము ముందోలు. పుట్టిన శిశువునకు ఈ చర్మము లోపలి పొర మణికి అంటుకొనియే యుండును. ఇది రోగము కాదు. చేతిగోరు వ్రేలికి అంటియున్నట్లే యిదియు సహజము. ఏండ్లు గడచిన కొలది అది తనంతట విడివడును. 1949 డిసెంబరులో డగ్లస్ గేర్డ్‌నర్ అను ఆంగ్ల వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో దీనిని గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. అప్పుడే పుట్టిన శిశువులలో నూటికి నలుగురికి మాత్రమే ముందోలు వెనుకకు బోవుననియు, మూడేండ్లు నిండునప్పటికి నూటికి 90 మందికి బోవుననియు ఆయన వ్రాసెను. ఈ రెండవ లెక్క మిక్కిలి త్వరితమైనదని తరువాతి పరిశీలకులు చూపిరి. 1968లో యాకొబ్ ఓస్టర్ అను డెన్మార్కు వైద్యుడు ప్రకటించిన బడిపిల్లల పరీక్షా ఫలితముల ప్రకారము, 6-7 యేండ్ల బాలురలో నూటికి ఎనమండ్రకు ముందోలు బిగుతుగా నుండగా, 16-17 యేండ్లకు నూటికి ఒక్కనికే అట్లుండెను. నడుమ ఎవరును ఏమియు చేయకయే ఆ మార్పు గలిగినది.

కావున పసివానికి తలంటి పోయునాడు నూనె రాచి ముందోలును బలవంతముగా వెనుకకు లాగి ‘శుభ్రము’ చేయు నలవాటు, కొన్ని యిండ్లలో గలది, హానికరము. అట్లు లాగినపుడు లోపల సన్నని చీలికలు పడును. చీలిక మానునపుడు మచ్చగట్టి, సహజముగా విడివడవలసిన చర్మము నిజముగనే బిగిసిపోవును. తల్లి మంచికై చేసిన పని బిడ్డకు శస్త్రచికిత్స తెచ్చిపెట్టుట యిదియే. పసివానికి పైన నీరు పోసి కడిగిన జాలును. ఎదిగిన కొలది, చర్మము తనంతట జరుగుచున్నంత మేరకే తానే జరిపి కడుగుకొని, తిరిగి ముందుకు తెచ్చుకొనుట బాలునికి నేర్పవలెను.

తల్లిదండ్రులు భయపడు మఱి రెండు సంగతులు గలవు. చర్మము క్రింద తెల్లని పూసల వంటివి కనబడుట చీము కాదు. రాలిన చర్మకణములు చేరి గట్టిపడినవి, తామే బయటికి వచ్చును. మూత్రము పోయునపుడు ముందోలు బుడగవలె ఉబ్బుట, ధార చక్కగా వచ్చుచు నొప్పి లేకున్న, అంతమాత్రమున రోగము కాదు. అయితే ధార సన్నమై చుక్కలుగా వచ్చినను, బాలుడు ముక్కుచు ఏడ్చుచు మూత్రము పోసినను, చర్మమెల్ల ఎఱ్ఱగా వాచి చీము గారినను, జ్వరము గలిగినను వైద్యునికి చూపవలెను. మూత్రము బొత్తిగా రాకున్న ఆనాడే ఆసుపత్రికి తీసికొని పోవలెను.

పెద్దవారికి మంట యేల కలుగును

ముందోలు లోపలి పొర పెదవి లోపలి చర్మము వలె సున్నితమైనది. దానికి గల సహజమైన జిడ్డును సబ్బు తీసివేయును. జిడ్డు పోయిన చర్మము ఎండి, పగిలి, మండును. మండినదని మరల సబ్బు. అశుభ్రతవలన గలుగు బాధ యెంత యున్నదో, అతి శుభ్రతవలన గలుగు బాధయు నంతకు తక్కువ కాదని చర్మవైద్యులకు అనుభవమే. సువాసన సబ్బులు, స్నానపు ద్రవములు, క్రిమిసంహారకములు, చక్కగా జాడించని లోదుస్తులలో మిగిలిన బట్టల సోడా, ఇవి యన్నియు నొక కోవకు జేరినవి. నీరు తక్కువైన యింట బట్టలు రెండుమార్లు జాడించుట జరుగదు. ఇచ్చట నీటి కొఱతయు చర్మరోగమును కలిసికొనును.

రెండవ కారణము తడి. మూత్రము పోసిన పిమ్మట నాలుగు చుక్కలు లోపల నిలుచుట, చెమట, బిగుతైన కృత్రిమపు నూలు లోదుస్తులు, స్నానానంతరము తుడుచుకొనక తొడుగుకొనుట, వీనిచే ఆ మడతలో ఉక్క పుట్టి కాండిడా యను బూజు పెరుగును. అప్పుడు చర్మముమీద ఎఱ్ఱని చిన్న మచ్చలు, పెరుగు తునకల వంటి తెల్లని పదార్థము, దురద కనబడును. భార్యకును తెల్లబట్టతోడి దురద యున్నచో ఇద్దరును ఒక్కసారి చికిత్స పొందవలెను. కొందఱికి రబ్బరు తొడుగుల వలనను ఈ చర్మము దద్దురెక్కును.

గృహోపచారము

దినమున కొకమాఱు గోరువెచ్చని నీటితో మాత్రమే కడుగవలెను. ముందోలు సులభముగా ఎంతవరకు జరుగునో అంతవరకే వెనుకకు జరిపి, నీరు పోసి, మెత్తని నూలుగుడ్డతో రుద్దక అద్ది, తడి యారిన పిమ్మట చర్మమును ముందుకు తెచ్చివేయవలెను. ఈ కడపటి మాట చిన్నదిగా దోచును గాని, మఱచినచో నేమగునో దిగువ చెప్పబడును. వాపు, మంట యున్న దినములలో సబ్బు ఆ చోట తగులనీయరాదు. పలుచని గోరువెచ్చని ఉప్పునీటిలో దినమునకు రెండుమాఱులు కొలది నిమిషములు నానబెట్టుట ఉపశమనము నిచ్చును. తరువాత వాసన లేని తెల్లని వాసెలిన్ పలుచగా రాయవచ్చును. అది రబ్బరు తొడుగులను చెడగొట్టునని మాత్రము జ్ఞప్తి యుంచుకొనవలెను. వదులైన నూలు లోదుస్తులు, దినమున కొక జత, ఎండలో ఆరవేసినవి. మంట తగ్గువఱకు సంసారము మానవలెను. మూత్రమునకు బోవునపుడు చర్మమును కొంచెము వెనుకకు జరిపి, పిమ్మట చుక్కలు తుడిచి, ముందుకు తెచ్చుకొనుట మంచిది.

ఇట్లు చేసిన మూడు నాలుగు దినములలో తగ్గుముఖము కనబడును. బూజు లక్షణములు స్పష్టముగా నున్నచో క్లోట్రిమజోల్ ఒకపాలు పూతను దినమునకు రెండుమాఱులు వారము మొదలు రెండు వారముల వఱకు రాయుట సాధారణ చికిత్స. పసుపు, సున్నము, నిమ్మరసము, వెల్లుల్లి, డెట్టాలు మొదలగునవి ఈ చర్మమునకు తగులరాదు. వేపాకు కషాయము మంచిదని చెప్పువారు గలరు. పచ్చిచర్మమునకు మంచినీటిని మించినది లేదు.

వారమునకు తగ్గకున్నను, నడుమ హెచ్చినను, తగ్గి మరల మరల వచ్చుచున్నను గృహోపచారము చాలించి వైద్యుని జూడవలెను.

దుకాణపు పూతలు

మందుల దుకాణములలో అడిగినంతనే చేతికి వచ్చు పూతలలో పెక్కు మూడు మందుల మిశ్రమములు: బూజును చంపునది యొకటి, సూక్ష్మజీవులను చంపునది యొకటి, వాటితోగూడ క్లోబెటాసాల్ వంటి తీవ్రమైన స్టెరాయిడ్ ఒకటి. రాచిన రెండు దినములలో ఎఱ్ఱదనము పోవును. అది స్టెరాయిడ్ చేయు మాయ. లోపల బూజు చావక పెరుగును. మానిన వెంటనే రెండింతలుగా తిరిగి వచ్చును. నెలల తరబడి రాచినచో చర్మము కాగితము వలె పలుచనై, చిన్న రాపిడికే చీలును. దేశమంతట తామర మందులకు లొంగక మొండిబారుటకు ఈ మిశ్రమములు ఒక ముఖ్యకారణమని చర్మవైద్యులు ఎలుగెత్తి చెప్పిరి. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 స్టెరాయిడ్ పూతలను 1945 నాటి ఔషధ నిబంధనల షెడ్యూలు హెచ్‌లో జేర్చి, వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని ప్రకటించెను. ప్రకటన గెజెటులో అచ్చుపడినంత మాత్రమున దుకాణపు బల్లమీద అమలు జరుగదు. వసతిగృహములు దట్టముగా నున్న వీధులలో ఔషధ తనిఖీదారు ఏడాదికొక మాఱైన ఈ యొక్క విషయమును ప్రత్యేకముగా విచారించునట్లు పురపాలకాధికారులు వ్రాయవచ్చును.

స్టెరాయిడ్ ఎల్లప్పుడు చెడ్డదని దీని యర్థము కాదు. బాలురకును యువకులకును ముందోలు నిజముగా బిగిసియున్నపుడు, వైద్యుడు బెటామెథాసోన్ వంటి పూతను నాలుగు మొదలు ఎనిమిది వారముల వఱకు రాయించుటచే పెక్కుమందికి శస్త్రచికిత్స యవసరము లేకుండపోవును. చూచి యిచ్చుటకును చూడక యిచ్చుటకును గల భేదమిది.

గోడ ప్రకటనల సంగతియు నిట్టిదే. సెగ, సవాయి మొదలగు సుఖవ్యాధులకును, పురుషత్వ లోపమునకును మందులిత్తుమని ప్రకటించుట 1954 నాటి ఔషధములు, ఇంద్రజాల చికిత్సల చట్టముచే నిషిద్ధము. ఢిల్లీలో గోడలు పాడుచేయుటకే ప్రత్యేకముగా 2007 నాటి చట్టము గలదు. సున్నము వేసి చెఱిపించుట పెద్ద వ్యయము కాదు. అయితే చెఱిపినచోటనే సర్కారు దవాఖానా పేరు, వేళలు వ్రాయించనిచో, రోగి యెటు పోవలెనో తెలియక మరల పాత చిరునామానే వెదకికొనును.

రక్తములోని చక్కెర

నడివయస్సు వానికి ముందోలు మాటిమాటికి బూజుపట్టి మండుచున్నను, అంతకుముందు సులభముగా జరుగుచుండిన చర్మము అంచున చీలికలు పడి క్రమముగా బిగియుచున్నను మొదట చేయవలసిన పరీక్ష చర్మమునకు గాదు, రక్తమునకు. మధుమేహము గలవాని మూత్రములో చక్కెర యుండును; మిగిలిన చుక్కలలోని చక్కెర బూజునకు ఆహారమగును. తనకు మధుమేహమున్నదని యెఱుగని మనుష్యునికి ఆ సంగతి మొట్టమొదట తెలుపునది ఒక్కొక్కప్పుడు ఈ దురదయే. ఆకలి, దాహము, అతిమూత్రము కనబడుటకు ముందే యిది కనబడవచ్చును. సిగ్గుచే దానిని దాచినవాడు ఒక చిన్న దురదను గాక, కండ్లను మూత్రపిండములను చెఱచు వ్యాధిని ఏండ్ల తరబడి దాచినవాడగును. ఏ దవాఖానాలోనైనను వ్రేలిమీద ఒక రక్తపు చుక్కతో అనుమానము తీరును.

మధుమేహమునకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మొదలగు మందులు ఇటీవల విశేషముగా వాడుకలోనికి వచ్చినవి. మొదటి దాని పేటెంటు 2020లో తీఱుటచే అది చౌకయై సామాన్యులకును అందుచున్నది. గుండెకును మూత్రపిండములకును అవి మేలు చేయునవే. కాని మూత్రముద్వారా చక్కెరను వెడలించుటయే వాని పని గనుక, ఆ మందులు పుచ్చుకొనువారిలో కొందఱికి ముందోలు బూజుపట్టును. అట్టివారు మందు తామే మానరాదు. ఇచ్చిన వైద్యునికి చెప్పిన పూతమందుతోను, నీటితో కడుగుట నేర్పుటతోను చాలవఱకు సరిపోవును. అరుదుగా మధుమేహరోగులకు వృషణముల చుట్టును మర్మస్థానముననంతటను తీవ్రమైన నొప్పి, వాపు, జ్వరము గలిగి చర్మము నల్లబడును. ఇది ప్రాణాపాయము, గంట యాలస్యము కూడదు.

వైద్యుడే చూడదగినవి

ఒకే గదిలో పండుకొను వారికందఱకును రాత్రివేళ దురద హెచ్చుగానుండి, శిశ్నముమీద గట్టి పొక్కులు లేచినచో అది గజ్జి. ముందోలు పూతతో పోదు. గదిలోని వారందఱు ఒకేనాడు మందు రాచుకొని, పక్కబట్టలు వేడినీట ఉతికింపవలెను. ఒక్కడు రాచుకొని ముగ్గురు మానినచో వారము తిరుగకముందే నలుగురికిని మరల వచ్చును.

మఱియొకటి విశేషముగా దలపదగినది. మణిమీద నొక్కచోట గుండ్రముగా ఎఱ్ఱని మచ్చ లేచి, మండి, నల్లని మచ్చగా మిగిలి, కొన్ని మాసములకు సరిగా ఆ చోటనే మరల లేచినచో, ఆ దినములలో మ్రింగిన మాత్రను గూర్చి విచారింపవలెను. నొప్పిమాత్రలు, కోట్రైమాక్సజోల్, డాక్సీసైక్లిన్ వంటివి కొందఱికిట్లు ఒక్క స్థలమున పొక్కించును. ఇది అంటువ్యాధి కాదు, నడవడికి సంబంధించినదియు గాదు. ఈ మచ్చను జూచి భార్య భర్తను శంకించిన సందర్భములు వైద్యులకు తెలియనివి కావు. కారణమైన మాత్ర పేరు వ్రాయించుకొని, దానిని జన్మాంతము మానుటయే చికిత్స.

మూత్రమార్గమునుండి చీము, శిశ్నముమీద పుండు, గజ్జలలో బిళ్లలు కట్టుట, గుంపుగా నీటి పొక్కులు లేచుట సుఖవ్యాధి లక్షణములు. నొప్పిలేని పుండు తనంతట మానినను సవాయి మానినట్లు కాదు. అది రక్తమున దాగియుండును. వీనికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పక్షమున సర్కారు ఆసుపత్రులలో సురక్షా క్లినిక్కులను పేరిట ఉచిత చికిత్స జరుగుచున్నది. లక్షణమును బట్టి మందులు రంగు పొట్లములలో నిత్తురు: చీమునకు బూడిదరంగు పొట్లము, పుండునకు తెల్లనిది. 1097 అను ఉచిత దూరవాణి సంఖ్యకు పేరు చెప్పకయే విచారించుకొనవచ్చును. మునిర్కా వారికి దాపుననే సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి యున్నది. 1942లో యుద్ధకాలమున అమెరికను సైనికులకై కట్టబడి, 1954లో భారత ప్రభుత్వ ఆరోగ్య మంత్రిత్వశాఖ క్రిందికి వచ్చిన ఈ యాసుపత్రిలోనే సుఖవ్యాధుల శిక్షణకును పరీక్షలకును ప్రత్యేక కేంద్రము గలదు.

ముందోలు తెల్లబారి, గట్టిపడి, పింగాణి వలె మెఱయుచు బిగియుట లైకెన్ స్క్లిరోసస్ అను వేఱొక వ్యాధి. దీనిని ఉపేక్షించిన మూత్రరంధ్రము సన్నగిల్లును. మూడు నాలుగు వారములైనను మానని పుండును, గడ్డను, బిగిసిన ముందోలు క్రిందినుండి వచ్చు దుర్వాసనను రక్తమును ఎంతమాత్రము ఉపేక్షింపరాదు. శిశ్నమునకు వచ్చు క్యాన్సరు బిగిసిన ముందోలు, పొగాకు, పాపిలోమా వైరసు గలవారికి హెచ్చుగా వచ్చును. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతో పోవునది, దాచుటచే అవయవమునే హరించును.

సుంతీ యెప్పుడు? మతాచారముగా చేయించుకొనువారి సంగతి వేఱు. రోగమునకు చికిత్సగా అది కడపటిదే గాని మొదటిది కాదు. మచ్చగట్టి బిగిసినప్పుడును, లైకెన్ స్క్లిరోసస్ పూతలకు లొంగనప్పుడును, వాపు మాటిమాటికి వచ్చి బాధించునప్పుడును శస్త్రవైద్యుడు సలహా యిచ్చును. ఒక్క వారపు దురదకు కోతను అమ్మజూపు ప్రకటనలు పెద్ద పట్టణములలో కొల్లలుగా నున్నవి. చక్కెర పరీక్షయైన చేయక కోతకు దినము పెట్టువానిని నమ్మరాదు.

వెనుకకు బోయి ముందుకు రాని ముందోలు

వెనుకకు జరిపిన ముందోలు మణి వెనుక ఉంగరమువలె బిగిసి, ముందుకు రాక నిలిచిపోవుట అత్యవసరము. మణి వాచును, వాచినకొలది ఉంగరము మఱింత బిగియును, రక్తప్రసారము నిలిచినచో కొన్ని గంటలలో మణి చెడును. సుశ్రుతుడు దీనినే పరివర్తికయనియు, ముందోలు బిగిసి వెనుకకు బోకుండుటను నిరుద్ధప్రకశమనియు వేఱుచేసి చెప్పెను. పరివర్తికకు నేయి రాచి, కాపు పెట్టి, మణిని నొక్కుచు చర్మమును మెల్లమెల్లగా ముందుకు తేవలెనని ఆయన విధించినది. నేడు కాపునకు బదులు చల్లదనము వచ్చినది గాని, నొక్కి వాపు తగ్గించి చర్మమును మెల్లగా ముందుకు తెచ్చుట యను మూలసూత్రము మారలేదు. పెద్దవాడు ఆసుపత్రికి బోవుచునే గుడ్డలో చుట్టిన మంచుగడ్డను కొద్ది నిమిషములు పెట్టి, వాచిన భాగమును పిడికిట విడువక నొక్కి పట్టుకొనవచ్చును. ఒకటి రెండు మాఱులు ప్రయత్నించి రాకున్న మానవలెను. ఏమియు కోయరాదు. బాలుడైనచో ఇంట ప్రయత్నింపక నేరుగా తీసికొనిపోవలెను. తెల్లవారిన పిదప చూతమనుటకు వీలులేని బాధ యిది. లాగు జిప్పులో చర్మము చిక్కినపుడును బలముగా లాగరాదు. కొబ్బరినూనె పోసి చూచి, రాకున్న ఆసుపత్రికి బోయిన, జిప్పు నడిమి తునకను కత్తిరించి విడిపింతురు.

ఈ యాపద ఆసుపత్రులలోనే కలుగుటయు గలదు. మూత్రపు గొట్టము వేయుటకై ముసలివాని ముందోలును వెనుకకు జరిపిన సేవకుడు దానిని ముందుకు తెచ్చుట మఱచును. మాటాడలేని రోగి నొప్పి చెప్పలేడు. మఱునాడు దుప్పటి తీసినపుడు గాని యెవరును చూడరు. పురపాలక ఆసుపత్రులలో గొట్టము వేయు బల్లయొద్ద ‘చర్మము ముందుకు తెచ్చితివా?’ అని యొక్క పంక్తి వ్రాసి వ్రేలగట్టించుటకు కాగితపు వెల మాత్రమే పట్టును.

దేశమందలి ఆరోగ్యాధికారులకు శిక్షణ నిచ్చు జాతీయ ఆరోగ్య కుటుంబ సంక్షేమ సంస్థ, 1977లో ఏర్పడినది, ఈ మునిర్కాలోనే యున్నది. కొలది దూరములో అద్దెగదిలో నున్న తెలుగు యువకునికి మాత్రము వైద్యుని యెదుట తన బాధను హిందీలో నెట్లు చెప్పవలెనో తెలియదు. ‘ఆగే కీ చమ్డీ’ యని చెప్పిన చాలును. ‘జలన్’ మంట, ‘ఖుజ్లీ’ దురద, ‘సూజన్’ వాపు. దక్షిణాది విద్యార్థులు హెచ్చుగా నుండు వసతిగృహములలో ఈ నాలుగు మాటలను, దాపునగల దవాఖానా వేళలను, పురుష వైద్యుడు కూర్చుండు దినమును తెలుగులో అచ్చువేయించి స్నానపు గది తలుపు లోపలి ప్రక్కన అంటించునట్లు ఇంటి యజమానులతో చెప్పవచ్చును. తలుపు వెలుపల నంటించిన, పదిమంది చూచుచుండగా నిలిచి చదువువాడుండడు.